దిమ్మె కట్టారా?

కువైట్ యుద్ధం ఆగిపోయినా మా ఆఫీసు కిటికీలకు అంటించిన ప్లాస్టర్ పట్టీలను ఎవరూ పీకలేదు. క్షిపణి పడితే అద్దం పెంకులు ఎగిరి మీద పడకుండా జనవరిలో అంటించినవి అవి. మార్చి వచ్చింది, రంజాన్ నెల మొదలైంది, పట్టీలు ఎండకు కాలి గాజును కరుచుకుపోయాయి. వాటిని పీకాలంటే మేనేజరు చెప్పాలి. మేనేజరు చెప్పాలంటే కంపెనీ యజమాని షేక్ గారిని ఒక మాట అడగాలి. షేక్ గారు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. మా కంపెనీలో ప్రతి పనీ ఇలాగే ఏడిచేది.

మేం జనరేటర్లు అమ్మేవాళ్ళం. ఇళ్ళకు కాదు, కంపెనీలకు. కోళ్ళ ఫారాలు, ఐసు ఫ్యాక్టరీలు, భవనాల కాంట్రాక్టర్లు, ఆస్పత్రులు మా ఖాతాదారులు. ఆఫీసు, గోడౌను, మేం పడుకునే క్యాంపు అన్నీ రియాద్ శివార్లలోని సులైలోనే. ఎప్పుడు కరెంటు పోతుందోనన్న భయం ఆ యుద్ధంతో దేశమంతటికీ పట్టుకుంది. ఫ్యాక్స్ మిషను పొద్దున్నుంచీ కాగితాలు కక్కుతూనే ఉండేది. రేటెంత, ఎప్పుడిస్తారు అని అడిగేవాళ్ళే అందరూ. కానీ మేం అమ్మింది మాత్రం ముందటేడు ఎంతో ఇప్పుడూ అంతే.

ఎందుకో నాకు తెలుసు. తెలిసి ఒళ్ళు మండేది. ఒక కోళ్ళ ఫారం వాడు రేటు అడిగితే, ఆ కాగితం మా మేనేజరు మనోహర్ గారి బల్ల మీదికి పోతుంది. ఆయన ఆ ఖాతాదారు ఎవరు, ఏ ఊరు, ఎవరి బంధువు అని నాలుగు రోజులు ఆలోచించి రేటు వేస్తారు. అప్పుడు మా టైపిస్టు గౌస్ మొహిద్దీన్ దాన్ని అరబ్బీలో టైపు కొడతాడు. దాని మీద షేక్ గారి స్టాంపు పడాలి. ఆ స్టాంపు ఆయన వేసుకునే పొడుగు తోబు జేబులో ఉంటుంది. ఆయన ఖర్జ్‌లో తోటకెళ్ళారంటే స్టాంపూ తోటలోనే. ఇంత జరిగి మా కొటేషను చేరేసరికి ఆ కోళ్ళ ఫారంలో వేరే కంపెనీ జనరేటరు హాయిగా తిరుగుతుండేది.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. వచ్చింది మాత్రం సేల్స్‌మన్ వీసా మీద, అప్పట్లో దొరికిందదే. ఇకామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులో, ఆ ఒక్క మాట వల్ల నేను భార్యతో కలిసి ఉండే వీలు లేకపోయింది. భార్య ఎక్కడో చీరాలలో ఉందనుకునేరు. రత్నమణి కూడా ఈ దేశంలోనే, హుఫూఫ్‌లో నర్సు. రైలెక్కితే రెండు మూడు గంటల్లో చేరిపోయే దూరం. అయినా ఆమె నర్సుల హాస్టల్లో, నేను సులై క్యాంపులో. పెళ్ళయిన దగ్గర్నుంచి మేం ఒక కప్పు కింద వండుకు తిన్న రోజుల కంటే ఆ హాస్టలు విజిటర్ల గదిలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న రోజులే ఎక్కువ. ఆ గదిలోకి పోవాలన్నా చర్చిలో ఇచ్చిన పెళ్ళి సర్టిఫికెట్టుకు అరబ్బీ తర్జుమా జతచేసి కాపలావాడికి చూపించాలి. చూపించిన ప్రతిసారీ వాడు అదే మొదటిసారన్నట్టు చదివేవాడు.

ఆ రంజాన్‌లో మనోహర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయనది విజయవాడ. మనవాడని నన్ను కాస్త దగ్గరగానే చూసేవారు. హుఫూఫ్ వెళ్ళడానికి కావలసిన ప్రయాణపు లెటరు అడిగితే ఏనాడూ కాదనలేదు. అమ్మకాలు పెరగడం లేదని షేక్ గారు మొహం మాడ్చుకుంటున్నారని చెప్పి, ఏం చేద్దామని అడిగారు. నా కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

“సరే, నువ్వే దారిలో పెట్టు. ఈ సీజన్లో అడిగినవాడికి అడిగినట్టు రేటు పోవాలి, ఆర్డరు రావాలి. అది చేసి చూపించు, నీ ఇకామాలో ఇంజనీరని మార్పించే పూచీ నాది. మలజ్‌లో కంపెనీ ఫ్లాటు ఖాళీగా ఉంది. మీ ఆవిడను తెచ్చుకో.”

ఆ సాయంత్రమే కారులో తీసుకెళ్ళి ఫ్లాటు చూపించారు కూడా. రొట్టెల దుకాణం పైన మొదటి అంతస్తు. రెండు గదులు, ఆకుపచ్చ రంగు కిటికీలు. వంటింట్లో కుళాయి తిప్పితే ముందు తుప్పు నీళ్ళు, తర్వాత మంచి నీళ్ళు వచ్చాయి. ఆ కుళాయి కట్టేయడానికి నాకు మనసొప్పలేదు.

ఇక చూడండి నా హుషారు. మొదట రేట్లు. ఏ సైజు జనరేటరుకు ఎంత, ఎంతవరకు తగ్గించవచ్చు అని ఒక పట్టిక వేసి మనోహర్ గారిచేత ఒప్పించాను. తర్వాత స్టాంపు. షేక్ గారు ఆఫీసుకు వచ్చిన రోజున ఖాళీ లెటర్‌హెడ్లు ఒక కట్ట ఆయన ముందు పెట్టి, అన్నిటి మీదా స్టాంపు కొట్టించేశాను. ఆయన ముందు అనుమానంగా చూశారు గానీ, ఖర్జ్‌కు ఎవడూ ఫోను చేసి విసిగించడని మనోహర్ గారు చెప్పేసరికి సంతోషంగా కొట్టారు. ఆ కట్ట నా సొరుగులో, తాళంచెవి నా మెడలో.

మూడోది మా సేల్స్‌మన్లకు నేర్పిన ప్రశ్న. జనరేటరు పెట్టాలంటే దానికింద కాంక్రీటు దిమ్మె కావాలి. నిజంగా కొనేవాడు ముందు ఆ దిమ్మె కట్టుకుంటాడు. ఊరికే కబుర్లు చెప్పేవాడు మీకు ఖర్జూరాలు పెడతాడు, గహ్వా పోస్తాడు, మీ పిల్లల పేర్లడుగుతాడు, వచ్చే వారం రమ్మంటాడు. దిమ్మె మాత్రం కట్టడు. అందుకని మావాళ్ళకు చెప్పాను: మాట నమ్మొద్దు, సైటుకు పోయి చూసి రండి. దిమ్మె ఉంటే ఆ పూటే కొటేషను, లేకపోతే వాడి కాగితం అట్టడుక్కి. అప్పటిదాకా కబుర్లరాయుళ్ళ చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మావాళ్ళు అసలైనవాళ్ళ గుమ్మం ముందు మొదట నిలబడటం మొదలెట్టారు.

రంజాన్ పండగ వెళ్ళేసరికి ఆర్డర్లు రావడం మొదలైంది. హజ్ నాటికి జర్మనీ నుంచి కంటెయినర్లు వరసగా దిగుతుంటే గోడౌనులో కాలు పెట్టే చోటు లేదు. ఆఫీసులో అందరూ ఒకళ్ళనొకళ్ళు ‘దిమ్మె కట్టారా’ అని పలకరించుకునేవాళ్ళు. మనోహర్ గారికి కొత్త కారొచ్చింది. నా పనిలో సాయానికని ఆయన మేనల్లుడు శ్రీహర్ష హైదరాబాదు నుంచి దిగాడు. కుర్రాడు మంచివాడే, చెప్పింది చప్పున పట్టుకునేవాడు. నా పద్ధతంతా వాడికి ఓపిగ్గా నేర్పించాను.

హుఫూఫ్ వెళ్ళినప్పుడల్లా రత్నమణికి ఇదంతా చెప్పేవాణ్ణి. కువైట్‌లో తగలబడుతున్న చమురు బావుల పొగ ఆ నెలల్లో అక్కడిదాకా వచ్చేది. ఆరేసిన యూనిఫారాల మీద మసి పడుతోందని, తెల్ల బట్టలు ఉతికి ఉతికి చేతులు పోతున్నాయని నర్సులందరూ గోలపెట్టేవాళ్ళు. ఆమె ఆ మసి మరకలు గోటితో గోకుతూ వినేది. ఫ్లాటు గురించి మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. రొట్టెల దుకాణం ఏ పక్కన, వంటింటి కిటికీ ఎటువైపు, మంచం ఎక్కడ పడుతుంది అని అడిగేది. రియాద్‌లో ఒక ఆస్పత్రి ఆమెను తీసుకుంటామని ముందే చెప్పింది. అయితే నా ఇకామా మారి, భార్యతో ఉండనిచ్చే ఫ్యామిలీ స్టేటస్ వస్తేనే ఆమెను హాస్టలు బయట ఉండనిస్తారు. ఆ సంగతి ఆగస్టు చివరిలోగా తేల్చి చెప్పాలి. హుఫూఫ్ ఆస్పత్రిలో ఆమె కాంట్రాక్టు కూడా అప్పటికే అయిపోతుంది. ఉంటావా, పోతావా అని మేట్రన్ అప్పటికే అడుగుతోంది.

దిమ్మె ముచ్చట చెప్పినప్పుడు రత్నమణి బాగా నవ్వింది. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే అదే ప్రశ్న.

“మరి మన దిమ్మె కట్టారా అండీ?”

“ప్రాసెస్‌లో ఉంది” అనేవాణ్ణి. మనోహర్ గారు నాకు చెప్పే మాట అదే. పాస్‌పోర్టు ఆఫీసులో రద్దీ అన్నారు. తర్వాత హజ్ సెలవులన్నారు. తర్వాత షేక్ గారు జెద్దాలో ఉన్నారన్నారు. ప్రతిసారీ టీ తెప్పించి, భుజం తట్టి, మీ ఆవిడ ఎలా ఉందని అడిగి మరీ చెప్పేవారు. తప్పకుండా అవుతుందనేవారు. వచ్చే వారం గుర్తుచేయమనేవారు. నేను బయటికొచ్చి ఇంకా గట్టిగా పనిచేసేవాణ్ణి.

జులై చివరిలో ఒకసారి రత్నమణి ఆ ప్రశ్న అడగలేదు. నేనే చెప్పబోతే, ఫ్లాటు సంగతి పక్కన పెట్టి ఇంకేదన్నా చెప్పమంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. లేచేముందు మాత్రం ఒక మాట అంది.

“మీవాళ్ళను సైటుకు పోయి చూసి రమ్మంటారు కదా. మన కాగితం ఎక్కడిదాకా పోయిందో మీరెప్పుడన్నా పోయి చూశారా?”

నాకు కోపం వచ్చింది. పొద్దున లేస్తే నేను పడే చాకిరీ నీకేం తెలుసని విసుక్కున్నాను. తిరుగు రైల్లో కూర్చున్నాక ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరిగింది. పాస్‌పోర్టు ఆఫీసుకు ఏ కాగితం పోవాలన్నా అది అరబ్బీలో ఉండాలి. మా కంపెనీలో అరబ్బీ కాగితం ఏదైనా గౌస్ మొహిద్దీన్ మిషను మీదనే పుట్టాలి. అతను నా బల్లకు ఎదురుగానే కూర్చుంటాడు. అన్ని నెలలుగా ఒక్క మాట అతన్ని అడగాలని నాకు తట్టలేదు. మనవాడు చేస్తానన్నాక పక్కవాడిని ఆరా తీయడం ఏం మర్యాద అనుకుని ఉంటాను.

మర్నాడు అడిగాను. గౌస్‌ది కరీంనగర్. మిషను మీంచి చేతులు తీసి నా మొహంలోకి చూశాడు.

“నీ కాగితమా? నా చేతికి రాలే నోయెల్ భాయ్. నీదేదో జెద్దాకెల్లి అయితున్నదని నేననుకున్న. మనోహర్ సాబ్ నాకసలు చెప్పనే లేదు.”

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. గౌస్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. స్టాంపు పడిన కాగితాలు నీ సొరుగులోనే ఉన్నయి కదా, ఒకటియ్యి, నేను కొడత, ఇంజనీరని రాసి రేపే పాస్‌పోర్టు ఆఫీసుల పడేద్దాం అన్నాడు. అతను మంచికే అన్నాడు. నా చెయ్యి మెడలోని తాళం మీదికి పోయింది కూడా. కానీ ఆ కాగితాలు షేక్ గారు కొటేషన్ల కోసం నన్ను నమ్మి ఇచ్చినవి. దొంగతనంగా వాడితే జైలు. జైలు సంగతి పక్కన పెట్టినా, ఆ పద్ధతి పెట్టింది నేను. దాన్ని నేనే ఎంగిలి చేయలేకపోయాను.

తిన్నగా మనోహర్ గారి గదిలోకి పోయాను. నా దరఖాస్తు కంపెనీ గుమ్మం దాటలేదని తెలిసిందన్నాను. ఆయన కంగారుపడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కూర్చోమన్నారు. టీ చెప్పబోతే వద్దన్నాను.

“నోయెల్, ఉన్న మాట చెప్తా విను. ఇప్పుడు నువ్వు చీకటి పడేదాకా ఆఫీసులో ఉంటున్నావు. పెళ్ళాం వచ్చిందనుకో, ఐదు కొట్టగానే సంచి పట్టుకుని పోతావు. నీ తప్పేం లేదు, ఎవడైనా అంతే. సీజన్ అయిపోనీ, చూద్దాం.”

ఖర్జూరాలు, గహ్వా, వచ్చే వారం రమ్మనడం. ఇన్నాళ్ళూ నన్ను ఆయన కూర్చోబెట్టింది ఆ కబుర్లరాయుళ్ళ సోఫాలోనే. వాళ్ళను దూరం నుంచే పసిగట్టడం ఊరందరికీ నేర్పినవాణ్ణి నేను. నవ్వొచ్చేంత కోపం వచ్చింది. అయినా ఆయన మనసు కరుగుతుందేమోనన్న ఆశ చావలేదు. అందుకే ఆ మాట అనేశాను.

“సార్, నేను మీ దగ్గరికే వచ్చాను. స్టాంపు ఉన్న కాగితాలు నా సొరుగులోనే ఉన్నాయి. కావాలంటే నా లెటరు నేనే కొట్టించుకునేవాణ్ణి. మీరు చేస్తారని, అలా చేయకుండా మిమ్మల్ని అడుగుతున్నాను.”

నా నిజాయితీ చూసి మెచ్చుకుంటారనుకున్నాను, వెర్రివెధవను. మనోహర్ గారు చెయ్యి చాపారు.

“ఆ సొరుగు తాళం ఇలా ఇవ్వు” అన్నారు.

ఇచ్చాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని శ్రీహర్షను పిలిచారు. నన్ను పోయి పని చూసుకోమన్నారు.

అది పొద్దుటి పూట. మధ్యాహ్నం భోజనానికి లేవబోతుంటే గౌస్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కంపెనీ లెటరు ఉంది. నోయెల్ సేవలు ఇక అవసరం లేదు, ఎగ్జిట్ కొట్టి పంపించవలసిందని పాస్‌పోర్టు ఆఫీసుకు రాసిన కాగితం. కింద షేక్ గారి స్టాంపు. షేక్ గారు ఆ వారమంతా ఖర్జ్‌లోనే ఉన్నారు. అంటే అది నా సొరుగులోని కట్టలోది.

“కొట్టమన్నడు, కొట్టిన. నన్ను తిట్టుకోకు భాయ్” అన్నాడు గౌస్. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

అతన్ని ఎందుకు తిట్టుకుంటాను? బయట డ్రైవరు దిలావర్ బండి స్టార్టు చేసి, ఆ కాగితం కోసం ఎదురుచూస్తున్నాడు. నేను పెట్టిన పద్ధతి ప్రకారం కాగితం తయారైన పూటే బయల్దేరాలి. బయల్దేరింది. ఏప్రిల్ నుంచి కదలని నా ఇకామా ఒక్క పూటలో కదిలింది. శ్రీహర్ష అప్పటికే నా కుర్చీలో కూర్చుని ఫోనులో ఎవరినో దిమ్మె కట్టారా అని అడుగుతున్నాడు. వాడికి ఏమీ తెలియదు. నన్ను చూసి నవ్వుతూ చెయ్యూపాడు.

ఎగ్జిట్ పడ్డాక దేశం వదలడానికి గడువిస్తారు. ఆ గడువులోనే ఒక శుక్రవారం చివరిసారి హుఫూఫ్ వెళ్ళాను. రైలంతా నన్ను నేను తిట్టుకుంటూ, మనోహర్ గారిని తిట్టుకుంటూ, ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో కూడదీసుకుంటూ వెళ్ళాను. రియాద్ ఆస్పత్రి పోయింది, ఫ్లాటు పోయింది, నా ఉద్యోగమూ పోయింది. తనూ ఎగ్జిట్ మీద వచ్చేస్తే చీరాలలో ఏదో ఒకటి చూసుకుందామని చెప్పాలనుకున్నాను. ఆమె ఏడుస్తుంది, ఊరుకోబెట్టాలి అనుకున్నాను.

రత్నమణి ఏడవలేదు. నేను చెప్పిందంతా విని, యూనిఫారం మీది మడత సరిచేసుకుంది.

“నేను ఇక్కడే ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టేశానండీ. జులైలోనే.”

నాకు అర్థం కాలేదు. జులైలో నేను ఇంకా ప్రాసెస్‌లో ఉందని చెబుతూనే ఉన్నాను కదా.

ఆమె నెమ్మదిగా చెప్పింది. హజ్ తర్వాత ఒక పేషెంటును అంబులెన్సులో రియాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే డ్యూటీ ఆమెకు పడింది. పేషెంటును దించి తిరిగొచ్చేటప్పుడు మలజ్ మీదుగా పోనివ్వమని డ్రైవరును బతిమాలింది. బండి ఆపడానికి వీల్లేదన్నాడట, నెమ్మదిగా మాత్రం పోనిచ్చాడట. రొట్టెల దుకాణం, పైన ఆకుపచ్చ కిటికీలు, నేను చెప్పినట్టే ఉన్నాయట. కిటికీలు తెరిచే ఉన్నాయి. లోపల నేల నుంచి కప్పుదాకా అట్టపెట్టెలు, వాటి మీద మా కంపెనీ పేరు. కూలీలు ఇంకా మోసుకొస్తున్నారట.

నాకు వెంటనే తెలిసింది. గోడౌనులో చోటు చాలక ఫిల్టర్ల పెట్టెలు ఎక్కడికో తరలిస్తున్నారని నేను విన్నదే. అవి నేను అమ్మిన జనరేటర్ల తాలూకువి. ఆ ఫ్లాటును ఎవరూ లాక్కోలేదు. నేను పరుగులెత్తి తెచ్చిన ఆర్డర్లే దాన్ని నింపేశాయి.

“మరి నాకెందుకు చెప్పలేదు?” అన్నాను. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. కాపలావాడు తలుపులోంచి తొంగిచూశాడు. చూసిన రోజే చెప్పి ఉంటే కనీసం ఆ మిగిలిన వారాలు గాడిద చాకిరీ చేసేవాణ్ణి కాదు. శ్రీహర్షకు నేర్పేవాణ్ణి కాదు. మనోహర్ గారి మీద రావలసిన కోపమంతా ఆమె మీదికి వచ్చింది. నేను అది దాచుకోలేదు కూడా.

రత్నమణి నా వైపు చూడకుండా చెప్పింది.

“మీరు వచ్చిన ప్రతిసారీ మంచం ఎక్కడ వేయాలో చెప్తుంటే, మీ మొహం చూడాలి మరి. పెళ్ళయినప్పటి నుంచి మీరంత సంతోషంగా ఉండటం నేను చూళ్ళేదు. ఉన్నన్నాళ్ళు ఆ సంతోషం ఉండనిద్దామనుకున్నా.”

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆమె సంచిలోంచి స్టీలు డబ్బా తీసి నా ఒళ్ళో పెట్టింది. మరమరాల ఉండలు, రైల్లో తినడానికి. హాస్టలు వంటగదిలో తన వంతు వచ్చినప్పుడు చేసిందట. డబ్బా మూత చుట్టూ సన్నగా మసి పేరుకుని ఉంటే ఆమె కొంగు లేక చేత్తోనే తుడిచింది.

విజిటర్ల టైము అయిపోయిందని గంట మోగింది. ఆమె లేచి, సర్టిఫికెట్టు మరిచిపోవద్దని గుర్తుచేసింది. మళ్ళీ దాన్ని చూపించి ఈ గదిలోకి రావలసిన అవసరం నాకిక లేదు. అయినా జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాను.